రిజిస్టర్‌లో ఎంగిలి

2015 జూన్‌లో, అంటే ఇక్కడి చలికాలంలో, న్యూజిలాండ్‌లోని టౌరంగా ఊళ్లో హేజల్ అనే ఆవిడ ఇంటి వంటగదిలో అసిస్టెంట్‌గా చేరాను. ఆవిడ యజమాని, నేనే మొత్తం సిబ్బంది. నారింజ, నిమ్మ తొక్కల్ని పంచదార పాకంలో ఉడికించి, ఆరబెట్టి, శనివారం మార్కెట్లో అమ్మేవాళ్లం. మీరు కేకులోంచి ఏరి పళ్లెం అంచున పెడతారే, అవే.

తొక్కల్ని మూడుసార్లు ఉడకబెట్టి, ప్రతిసారీ ఆ నీళ్లు పారబోస్తేనే చేదు పోతుంది. తర్వాత పాకంలో వేసి, అద్దంలా మెరిసేదాకా సన్నని సెగ మీద ఉంచాలి. ప్రతి వాయికీ ఒక నంబరు. పారేస్తే కారణం రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ నా బాధ్యత.

హేజల్ మంచి మనిషే. కానీ పాకం రుచి చూసి, అదే చెంచాతో మళ్లీ కలిపేది. పెద్దావిడ, పైగా యజమాని. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ కుక్కను తిప్పడానికి వెళ్లగానే ఆ వాయి పారబోసి, ఇంకొకటి పొయ్యెక్కించేదాన్ని. ఎంగిలికి ఇంగ్లీషు మాట ఎంత వెతికినా దొరక్క, కారణం గడిలో ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదాన్ని. పంచదార ఇంత త్వరగా ఎలా అయిపోతోందని ఆవిడ చీమల మందు కొంది.

ఆగస్టులో సిటీ కౌన్సిల్ నుంచి ఆహార తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన సంతకం పెట్టకపోతే వంటగది మూతే, నా ఉద్యోగమూ అంతే. రిజిస్టర్ తిరగేస్తూ ఒకచోట ఆగాడు. ఈ ఎంగిలి ఆరుసార్లు కనిపిస్తోంది, బూజా, పురుగా అని అడిగాడు. హేజల్ ముఖం పాలిపోయింది. చీమల్లో ఏదో రకం అయ్యుంటుందని చెప్పింది.

ఇక తప్పలేదు. చెంచా నోటిదాకా తీసుకెళ్లి, గిన్నెలో పెట్టినట్టు చూపించాను.

"ఇదే సర్, ఎంగిలి."

ఎవరు చేశారని అడిగాడు. నేను నేలకేసి చూశాను. హేజల్ మెల్లగా చెయ్యెత్తింది.

ఆయనకు కాసేపు దగ్గు తెర వచ్చింది, అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు. పారేసినందుకు, పారేసినట్టు రాసినందుకు సంతకం పెట్టాడు. రుచికి వేరే చెంచా ఉండాలని మాత్రం షరతు.

ఆయన వెళ్లాక హేజల్ నన్ను అడిగింది, "ఆరుసార్లా సరోజా? ఒక్కసారి నాతో అనొచ్చుగా?"

"మీరు పెద్దవారు కదండీ."

"ఆరు వాయిల పంచదార కన్నా పెద్దదాన్ని కాదులే."

మర్నాటి నుంచి రుచి చెంచాకు ఎర్రదారం కట్టాం. ఆ వారంలోనే నేను పాకం తీగ సాగుతోందో లేదో వేళ్లతో చూసి, అలవాటుగా వేలు నాకి, అదే చేత్తో గరిట పట్టుకున్నాను. వెనక నుంచి "ఇంగిలీ" అని వినిపించింది. ఏడోసారి రిజిస్టర్‌లో హేజలే రాసింది, స్పెల్లింగ్ నన్నడిగి మరీ.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. అనువాదం దొరకని తప్పును కూడా రాసి పెట్టాలి. అయితే కాగితానికి చెప్పే ముందు మనిషికి చెప్పాలి.