విశ్వనాథం గారు, ఐదున్నర బస్సు

ఇప్పుడు నార్త్ యార్క్‌లో సబ్‌వే రైలు స్టేషన్ పక్కనే ఉంటున్నాను. బస్సు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు. అయినా చిన్న ఊరు గ్వెల్ఫ్‌లో చదువుకున్న రోజులు గుర్తొస్తే మనసు అటే లాగుతుంది. గుర్తొచ్చేది యూనివర్సిటీ కాదు, విశ్వనాథం గారి బేస్‌మెంట్.

2022లో ఊరు నిండా స్టూడెంట్లే. ఒక్కో ఇంట్లో ఆరుగురం సర్దుకునేవాళ్లం. మా క్లైమేట్ గ్రూప్‌లో మాత్రం మొత్తం ఐదుగురమే. కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు లేక అవస్థపడుతుంటే విశ్వనాథం గారు తన బేస్‌మెంట్ ఇచ్చారు. వాళ్లావిడ పద్మిని ఆంటీ ప్రతి ఆదివారం గిన్నెడు ఉప్మా చేసి కిందికి పంపేవారు. ఆ ఉప్మా పుణ్యమా అని గ్రూప్ పదిహేడుగురైంది, అబద్ధమెందుకు!

ఆయనది కాకినాడ. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఈ వయసులో మాతో మీకేం పని అంకుల్ అని ఒకసారి అడిగాను.

"ఇరవై ఏడేళ్లు ఒక్కణ్ణే కార్లో డ్యూటీకి వెళ్లొచ్చానమ్మా. ఆ పొగలో నా వాటా లేదంటావా?" అన్నారు.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫ్యాక్టరీల వైపు పొద్దున ఐదున్నరకి ఒక సిటీ బస్సు. మొదటి షిఫ్ట్ ఆరింటికి, మొదటి బస్సేమో ఆరున్నరకి. అందుకే రోడ్డు నిండా కార్లు, కారుకొక మనిషి. కారు లేనివాళ్లు నడవాలి. నా రూమ్మేట్ తేజశ్రీ అలాగే నడిచేది, నవంబర్ మంచులో యాభై నిమిషాలు. ఒకరోజు జారిపడి మోచెయ్యి వాచిపోతే, ఆ చేత్తోనే షిఫ్ట్ చేసి వచ్చింది. "బస్సు రాకపోతే జాబ్ మానెయ్యాలి కావ్యా. జాబ్ మానేస్తే చదువు కూడా మానెయ్యాలి" అంది. తను ఏడవలేదు, నేనే ఏడ్చాను.

మూడు నెలలు ఈమెయిళ్లు పెట్టగా పెట్టగా మా వార్డు కౌన్సిలర్ మేడమ్ పదిహేను నిమిషాలు టైమ్ ఇచ్చారు. ఎవరు ఎంతసేపు మాట్లాడాలో నేను కాగితం మీద రాసుకున్నాను. ఎక్కువసేపు తేజశ్రీ మాట్లాడాలి. విశ్వనాథం గారు, ఆంటీ పెద్దరికంగా పక్కన కూర్చుంటే చాలు.

ఆయన సూటు వేసుకొచ్చారు. చేతిలో జరీ శాలువా, గంధపు దండ, బొకే. నేను వద్దనేలోపే కౌన్సిలర్ మెడలో దండ వేసి, శాలువా కప్పేశారు. ఆవిడ తెగ మురిసిపోయింది. ఇక ఫొటోలు. అందరితో ఒకటి, ఆడవాళ్లతో ఒకటి, ఆంటీతో విడిగా ఒకటి. "వన్ మోర్ మేడమ్, శాలువా సరిగ్గా పడలేదు" అంటూ ఇంకొకటి. ఆపైన ఆవిడ సేవలను కొనియాడుతూ ఆయన ప్రసంగం. తేజశ్రీ గొంతు సవరించుకునేసరికి అసిస్టెంట్ తలుపు తట్టింది. టైమ్ అయిపోయిందట.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీదే అరిచేశాను. "ఇదేమన్నా సన్మాన సభా అంకుల్? మూడు నెలల కష్టం మీ ఫొటోల పాలు చేశారు!"

"ఒకరిని ఏదైనా అడిగేముందు గౌరవించుకోవాలి కదమ్మా. మన దగ్గర అలాగే..." అంటూ తేజశ్రీ మొహం చూసి ఆగిపోయారు. తండ్రి వయసున్న మనిషిని నడిరోడ్డు మీద అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున ఐదింటికి తేజశ్రీ బయల్దేరేసరికి ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని మా ఇంటి ముందు నిలబడి ఉన్నారు.

"డ్రాప్ చేస్తారా అంకుల్?"

"లేదమ్మా, నీతో నడుస్తాను. డ్రాప్ చేస్తే నీ ఒక్కదానికే సాయం. నడిస్తే నలుగురికీ చెప్పగలను."

"ముందు డ్రాప్ చేసి తర్వాత చెప్పొచ్చు కదా!" అని తేజశ్రీ గొణిగిందట.

పదకొండు రోజులు నడిచారు, అరవై ఆరేళ్ల మనిషి. పక్కనుంచి ఎన్ని కార్లు వెళ్తున్నాయో చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

కౌన్సిల్ మీటింగ్‌లో పేరిచ్చిన వాళ్లెవరైనా ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆయన పేరిచ్చారు. ఆ సాయంత్రం మామూలు స్వెట్టర్‌తో, ఖాళీ చేతులతో మైకు ముందు నిలబడ్డారు. వెనక కుర్చీల్లో మా గ్రూప్ అంతా ఉంది, ఎప్పుడూ మీటింగ్‌కి రాని తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. "రోజూ మూడు వందల కార్లు నన్ను దాటి వెళ్లాయి. దాదాపు అన్నింట్లోనూ ఒక్కొక్క మనిషే. ఒకప్పుడు నేనూ అలాగే వెళ్లాను" అని తన కాకినాడ ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పారు. తర్వాత తేజశ్రీ వైపు చెయ్యి చూపించారు. "మిగిలిన మూడు నిమిషాలు ఈ అమ్మాయివి. పోయినసారి నేనే తీసేసుకున్నాను" అని పక్కకి జరిగారు. మీటింగ్ అధ్యక్షుడు సరేనన్నాడు. తేజశ్రీ తన మంచు నడక గురించి, వాచిన మోచెయ్యి గురించి మాట్లాడింది. బస్సు కోసం ఓటు వేసేటప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది మా కౌన్సిలరే.

మార్చిలో బస్సు మొదలైంది. ఆయన ఫ్యాక్టరీ మానేసి ఎన్నాళ్లో అయినా తేజశ్రీతో పాటు ఎక్కారు. పరీక్ష ఉండి నేను వెళ్లలేకపోయాను. ఆ రోజైనా సారీ చెప్పాలనుకుని, ఆరుంపావుకి ఆయన ఫోన్ రాగానే వేరే మాట అడిగేశాను.

"తేజు ఏమంది అంకుల్?"

"ఏమీ అనలేదమ్మా. కూర్చోగానే నిద్రపోయింది. స్టాప్ వచ్చేదాకా లేపలేదు."