అత్తకు పోసిన గంజి

ఊరికే వచ్చేదాన్ని మా అత్త నమ్మేది కాదు. మా ఊరి బడి పంచలో సర్కారు గంజి కేంద్రం పెట్టారని చెప్పినప్పుడు మంచంలో నుంచే ముఖం చిట్లించింది. "అడగందే అమ్మయినా పెట్టదు. అడక్కుండానే సర్కారోళ్లు పోస్తాండారంటే దీంట్లో ఏదో ఉండాది," అంది. నాకూ అనుమానంగానే ఉంది. శిస్తు కోసం తప్ప మా ఊరి ముఖం చూడని వాళ్లకు ఉన్నట్టుండి మా ఆకలి ఎట్లా కనబడింది?

వేంపల్లె దగ్గర మా ఊరు. వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్లవి. ముసలివాళ్లకు, అవిటివాళ్లకు, చిన్నపిల్లలకు గంజి అన్నారు. ఒళ్లు బాగున్నవాళ్లు రోడ్డు పనికి పోయి కంకర కొట్టి కూలి తెచ్చుకోవాలి. వినడానికి ధర్మంగానే ఉంది. తుంటి విరిగి మంచంలో పడిన అత్తను పక్క మార్చి, కడిగి, తుడిచే కోడలు ఏ వరసలో నిలబడాలో మాత్రం చెప్పిన పుణ్యాత్ముడు లేడు. పనికి పోతే ఆమెను చూసే దిక్కు లేదు. పోకపోతే నాకు కూలీ లేదు, గంజీ లేదు. నా మొగుడు దూరాన రోడ్డు పనిలోనే ఉండిపోయాడు. సంతనాడు ఆయన తెచ్చే జొన్నలు మళ్లీ సంత రాకముందే అడుగంటేవి.

గంజి ఇంటికి ఇవ్వరు. ఇస్తే ఇంట్లోవాళ్లు తాగేస్తారని వాళ్ల అనుమానం. అక్కడే, వాళ్ల కళ్ల ముందే తాగాలి. అందుకని మా అత్తను పాత కోకతో వీపుకు కట్టుకుని మోసుకుపోయేదాన్ని. దోవ పొడుగునా మూలుగుతూనే నా నడకకు వంకలు పెట్టేది. "మెల్లగా పోమ్మే, గొడ్డును తోలినట్టు తోలుతాండావు," అనేది. మోసేది నేను, తోలేది ఆమె.

మొదటి రోజు సత్తుగిన్నెలో గంజి పోశారు. ఆమె గిన్నె వాసన చూసి నా వైపు నెట్టింది.

"ఏం మందు కలిపినారో ఏమో. ముందు నువ్వు తాగు," అంది అందరికీ వినబడేట్టు.

నా ఒళ్లు మండింది. మందు ఉంటే నేను చావాలి, లేకపోతే ఆమె తాగాలి. కోడలి ప్రాణం అంత చవకా అనుకున్నాను. అయినా కడుపు కాలుతోంది, ఒక గుక్క తాగాను.

"ఇంగా తాగు. ఒక గుక్కకేం తెలుస్తాది?"

గిన్నె సగమయ్యేదాకా వదల్లేదు. ఆ తర్వాత నా ముఖంలోకి కాసేపు పరీక్షగా చూసి మిగిలింది తాగింది. రోజూ ఇదే తంతు. నిన్న చావనిదాన్ని ఇవాళ చస్తానా అని నేను సణిగితే, "నిన్నటి గంజి వేరు, ఈపొద్దుటిది వేరు," అనేది.

మా ఇళ్లలో అత్త ముద్ద ఎత్తకముందు కోడలు నోట్లో మెతుకు వేసుకోదు. అట్లాంటిది నడిబజారులో అత్త గంజి కోడలు ముందు తాగుతుంటే ఊరు ఊరుకుంటుందా? వరసలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. "ముసిల్దాని నోటికాడిది మింగుతాంది సూడు," అన్న మాట నా చెవిన పడింది. ఎవరో పోయి సర్కారోళ్లకు చెప్పారు. మా పక్కింటామె అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఆమె పోయి శానా కాలమైంది, నా అనుమానం మాత్రం పోలేదు.

కేంద్రం చూసే రెవిన్యూ ఆయన ఒకరోజు నన్ను బడి చుట్టూ వేసిన ముళ్లకంపకు అవతల నిలబెట్టాడు. "నీకు కాళ్లూ చేతులూ ఉన్నాయి. పనికి పో. ముసలామెకు మేం తాగిస్తాం," అన్నాడు. గిన్నె తీసుకుపోయి తానే మా అత్త ముందు కూర్చున్నాడు. ఆమె మూతి బిగించింది.

"అవ్వా, దీంట్లో ఏమీ కలపలేదు. చూడు, నేను తాగుతున్నా," అని ఒక గుక్క తాగి చూపించాడు.

"తెలుసు సామీ," అంది మా అత్త. "కలపలేదని మొదటి దినమే తెలుసు."

"మరి ఆమెతో ఎందుకు తాగించావు?"

"నన్ను ఈడికి మోసుకొచ్చే ఎద్దది. బండికి కందెన పోస్తాండారు గానీ, ఎద్దుకు మేత యాడ ఏస్తాండారప్పా మీరు?"

ఆయన గిన్నె కింద పెట్టి, "అది నా చేతుల్లో లేదవ్వా. మోసేవాళ్లకు పొయ్యమని పైనుంచి రాలేదు," అన్నాడు. మా అత్త గిన్నె ముట్టలేదు. ఇద్దరం ఖాళీ కడుపులతో ఇంటిదారి పట్టాం.

దోవలో అడిగాను. "అనుమానం లేకపోతే ఆ మాట నాతో చెప్పొచ్చు గదా అత్తా?"

"నీ మీదుండాది అనుమానం," అంది నా చెవి దగ్గర. "ఊరికే ఇస్తే నువ్వు తాగవని."

ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు రెండూ ఆమె కాళ్ల కింద ఉన్నాయి.

మర్నాడు నన్ను వరసలోకి రానిస్తారో లేదో అనుకుంటూనే మోసుకుపోయాను. గంజి పోసే మనిషి ఎప్పటిలాగే ఒక గిన్నె పోశాడు. రెవిన్యూ ఆయన ఒకసారి మా వైపు చూశాడు. ఆ తర్వాత తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అది కూడా మమ్మల్ని పట్టుకోవడానికేమోనని నేను గిన్నె ముట్టలేదు.

మా అత్త గిన్నె వాసన చూసి నా వైపు నెట్టింది.

"ఏం కలిపినారో ఏమో," అంది, ఆ గోడ దాకా వినబడేట్టు. "ముందు నువ్వు తాగు."