పొయ్యి ఎక్కని చాక్లెట్

పెళ్లయిన ఏడేళ్లలో మా అత్తమ్మ కోదాడలోని మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదు. తిననని ఏనాడూ అనలేదు లెండి, ఆమె అంత మొరటు మనిషి కాదు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి ఒక్కపొద్దు. ఏ దేవుడూ దొరకని బుధవారం వస్తే కడుపులో గ్యాస్. మిర్యాలగూడలో సొంత మిల్లు బియ్యాన్ని మూడు పూటలా అరిగించుకునే కడుపు, మా గడప తొక్కగానే మొరాయించేది.

ఎందుకో అందరికీ తెలుసు. మా అమ్మ నిడమనూరులో కూలికి నాట్లు వేసింది. అత్తమ్మ వాళ్లది నాట్లు వేయించుకున్న ఇల్లు. నేనూ మా ఆయనా సూర్యాపేటలో ఒకే బడిలో పాఠాలు చెబుతూ పెళ్లి చేసుకున్నాం. ఆ పెళ్లికి అత్తమ్మ వచ్చింది, అక్షింతలు వేసింది, ఫొటో దిగింది, సరిగ్గా విస్తళ్లు వేసే వేళకు తలనొప్పి వచ్చి వెళ్లిపోయింది. మా అమ్మ నాటిన వరి ఆమెకు పనికొస్తుంది, నేను వార్చిన అన్నం పనికిరాదు. ఇదెక్కడి న్యాయమని అడిగితే మా ఆయన ఫోన్లో తల దూర్చి, "అమ్మకు నిజంగనే గ్యాస్" అంటాడు.

అరటిపండు మాత్రం తీసుకునేది. అదీ తొక్క తనే ఒలుచుకునేది.

నాకు అలవాటైపోయింది. కానీ ఆరేళ్లు నిండిన మా పాప వేసవి సెలవుల ముందు ఒకరోజు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అడిగింది. "అమ్మా, నాయనమ్మ మనింట్ల ఎందుకు తినదు? నీకు వంట రాదా?"

నా కడుపు మండిపోయింది. దానికి నిజం చెప్పలేను. వంట రాదని ఒప్పుకోనూ లేను. "ఈసారి తింటది. నువ్వే చేసి పెడుదువు గానీ" అని మాటిచ్చేశాను. ఇచ్చాక భయం పట్టుకుంది. నా చేతి తిండి తినకపోతే పోనీ, మనవరాలి చేతిది కూడా వద్దంటే ఆ పిల్ల ముఖం నేను చూడలేను.

ఆలోచించగా అరటిపండే దారి చూపించింది. పండుకు అడ్డు లేదు. అడ్డల్లా నిప్పు మీద వండినదానికే. అయితే నిప్పు లేకుండా చేద్దామని ఫోన్లో వెతికితే, పండ్లను చాక్లెట్లో ముంచే వీడియో ఒకటి దొరికింది. అందులో ఒకావిడ, ఒక్క పచ్చడి జాడీ అయినా లేని తెల్లటి వంటింట్లో నిలబడి, అయిదే నిమిషాలు అంటూ నవ్వుతుంది. ఆ అయిదు నిమిషాల పనికి మాకు రెండు రోజులు పట్టింది.

కేకుల సామాన్లు అమ్మే దుకాణంలో చాక్లెట్ దిమ్మ కొన్నాను. రోకలితో ముక్కలు కొట్టాను. మొదటిరోజు, ఎలా కరుగుతుందో చూద్దామని, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి అందులో కొన్ని వేశాను. ఎక్కడి నుంచో రెండు చుక్కల నీళ్లు పడ్డాయి. అంతే, చాక్లెట్ అంతా బంకమట్టిలా ముద్దకట్టింది. మా ఆయన నోట్లో వేసుకుని "బాగనే ఉంది" అన్నాడు. ఆయన దేన్నయినా అంతే అంటాడు.

మరునాడు మధ్యాహ్నం, ఎటూ పొయ్యి వద్దనుకున్నాం కదా అని, మిగిలిన ముక్కలు గిన్నెలో వేసి తీసుకెళ్లి డాబా మీద పెట్టాను. అసలే మే నెల. పక్కింటావిడ అక్కడే వడియాలు తిరగేస్తోంది. "పొయ్యి పాడైందా ఏంటి టీచర్‌గారూ?" అని జాలిపడింది. పైన పల్చటి గుడ్డ కప్పి వచ్చేశాను. అరగంటకు చూస్తే చాక్లెట్ జావలా అయింది.

మా పాప అరటి ముక్కలు, నల్లద్రాక్ష, పైనాపిల్ ముక్కలు పుల్లలకు గుచ్చి ముంచింది. తడి ద్రాక్షకు చాక్లెట్ అంటక జారిపోతుంటే, ఒక్కో పండూ తువ్వాలుతో తుడిచి మళ్లీ ముంచింది. పైన దుకాణంలోనే కొన్న పల్లీల పొడి చల్లింది. చాక్లెట్‌కు వాసన పట్టకుండా ఫ్రిజ్‌లోంచి చేపల పులుసు పక్కింటికి పంపించి, నెయ్యి రాసిన పళ్లెంలో పుల్లలు పేర్చి లోపల పెట్టాం.

ఆ మరునాడు, బుధవారం నాడు, నడిగూడెంలో గృహప్రవేశానికి వెళుతూ అత్తమ్మ మా ఇంట్లో ఆగింది. పక్కన తన నీళ్ల సీసా. పాప పళ్లెం ముందు పెట్టింది.

"పండ్లు నాయనమ్మా. నేనే చేసిన."

అత్తమ్మ పళ్లెం చూసింది, నన్ను చూసింది. "పొయ్యి మీద పెట్టినవా?"

ఏడేళ్ల తర్వాత అసలు మాట బయటపడింది. పాపం, గ్యాస్ సంగతి ఆమే మర్చిపోయింది. "పెట్టలే అత్తమ్మా. డాబ మీద ఎండకు కరిగింది" అన్నాను.

ఆమె జడ్జిలా తీర్పు చెప్పింది. "ఎండకేంది, సూర్యభగవానుడే గద" అని ఒక అరటి ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత పైనాపిల్. తర్వాత ద్రాక్ష పుల్లలు మూడు. పాప చప్పట్లు కొట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ మూతి తుడుచుకుని, తన సీసాలో నీళ్లు తాగింది. నా కళ్లు వెంటనే ఆరిపోయాయి.

పాప ఆ సీసానే చూస్తోంది. "పొయ్యి మీద వండితే తినవా నాయనమ్మా?"

"పొయ్యి మీద వండినయి అందరిండ్లల్ల తినొద్దు బిడ్డా" అంది అత్తమ్మ, ఎక్కం నేర్పినంత ప్రేమగా. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. నేను ఖాళీ పుల్లలు ఏరుకున్నాను. పాప బుద్ధిగా తల ఊపింది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం మిర్యాలగూడ వెళ్లాం. చుట్టాలంతా భోజనాలకు వరసగా కూర్చున్నారు. అత్తమ్మ అన్నం గిన్నెతో మా పాప దగ్గరికి రాగానే, పాప కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నాయనమ్మా, ఇది పొయ్యి మీద వండిందా?"

"అవ్ బిడ్డా. నీ కోసమే పొద్దుగాల్నుంచి వండిన."

"అయితే నాకొద్దు. అందరిండ్లల్ల తినొద్దని నువ్వే చెప్పినవ్ గద. అరటిపండు ఉంటే ఇయ్యి. తొక్క నేనే తీసుకుంట."

మా ఆయన మొదటిసారి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అత్తమ్మ గరిటె పట్టుకుని, అందరి ముందూ అలాగే నిలబడిపోయింది.

పిల్లను మందలించాల్సిన తల్లిని నేనే. కానీ నాకు బాగా ఆకలిగా ఉంది. కంచం ముందుకు జరిపి, "నాకు వెయ్యండి అత్తమ్మా, నేను తింట" అన్నాను.