తల ఆరిందా

పులివెందులలో మా ఇంటికి ఎవరొచ్చినా గోడ మీద పెళ్ళి ఫొటో చూసి ఒకటే మాట అంటారు. "అంత బాగా పెండ్లి చేసుకున్నారే, ఆ తల ఏందమ్మా అట్ల దువ్వుకున్నావు?" నడినెత్తిన పాపిడి, వెనక్కి లాగి బిగించిన జుట్టు, ఒక్క వెంట్రుక కూడా చెంప మీదికి జారలేదు. మధ్యలో నా మొహం, పెనం మీంచి అప్పుడే దించిన జొన్నరొట్టె అంత గుండ్రంగా. మా అత్తగారైతే ఇన్నేళ్ళయినా వదల్లేదు. "నిశ్చితార్థానికి ఎంత బాగుంటివి. పెండ్లినాటికి ఏం పుట్టింది నీకు?" అంటుంది. నేను నవ్వేసి కాఫీ పెట్టే సాకుతో లోపలికి పోతాను. నిశ్చితార్థం ఆల్బం బీరువాలో అట్టడుగున, చీరల కింద ఉంది. అందులో ఉన్నది నేను కాదని ఆమెకు ఎట్లా చెప్పేది?

గుండ్రని మొహం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. పుస్తకాల్లో చందమామ అని రాస్తారు గానీ మా జమ్మలమడుగులో ఎవరూ అట్లా అనరు. మా వీధిలో నా పేరు సంగటి ముద్ద. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, మా అమ్మే. అమ్మ నన్ను సొంత పేరుతో పిలిచినట్టు గుర్తే లేదు. "ముద్దా, ఇట్ల రా" అని పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, నూనె పట్టించి, నడినెత్తిన పాపిడి తీసి కళ్ళు పక్కలకు సాగిపోయేంత గట్టిగా రెండు జడలు వేసేది. అప్పుడు నా మొహం ఇంకా వెడల్పుగా కనిపించేది. పక్క పాపిడి తీసుకుంటే చాలు, అమ్మ ఒంటికాలి మీద లేచేది. ఎందుకమ్మా అంటే నెత్తిన మొట్టికాయ పడేది.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తడి తలతో గడప దాటకూడదు. తలంటుకున్న రోజు బడికి ఆలస్యమైనా సరే, సాంబ్రాణి పొగ మీద జుట్టు పూర్తిగా ఆరేదాకా కదలనిచ్చేది కాదు. అందరి అమ్మలూ వంటింట్లోంచి "తల ఆరిందా" అని కేకేస్తారు. మా అమ్మ మాత్రం ఆ మాట అడిగేది కాదు. పని వదిలేసి వచ్చి, కుదుళ్ళలోకి వేళ్ళు పోనిచ్చి తడిమి చూసి వెళ్ళిపోయేది. నాకు అది అమ్మ పద్ధతి అనిపించేది, అంతే.

నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా ఉన్నప్పుడు పులివెందుల సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికైనా ఒక్కరోజు నా మొహం సంగటి ముద్దలా కాకుండా కనబడాలని పట్టుబట్టాను. రోజూ సాయంత్రం ఫోను ముందేసుకుని, గుండ్రని మొహానికి ఏ జడ బాగుంటుందో వెతికేదాన్ని. అందరూ చెప్పేది ఒకటే. నెత్తిన ఎత్తు కావాలి, చెంపల పక్కన వెడల్పు ఉండకూడదు, పాపిడి పక్కకు తీయాలి, రెండు పాయలు మొహం మీదికి వదలాలి, వెనక జడ ఒత్తుగా, పొడుగ్గా ఉండాలి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాది ఎలుకతోక జడ.

ఒకరోజు నా వెనక నిలబడి ఫోనులో ఆ బొమ్మలు అమ్మ కూడా చూసింది. మొట్టికాయ పడుతుందని తల వంచుకున్నాను. అమ్మ కుర్చీ లాక్కుని, ఎక్కి, బీరువా మీంచి ఒక పాత రేకు డబ్బా దించింది. లోపల వేపాకుల మధ్య ఒక సవరం. జుట్టు చాలనివాళ్ళు జడలో కలిపి అల్లుకునే పెట్టుడు జుట్టు అది. నల్లగా, నడుం దాటేంత పొడుగ్గా ఉంది. మా పక్క ఆడవాళ్ళు దువ్వెనకు వచ్చిన జుట్టు పారేయరు. చుట్టలు చుట్టి దాచి, తగినంత అయ్యాక సవరం కట్టించుకుంటారు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను.

"దీన్ని పెట్టుకో" అంది అమ్మ. "కత్తెర తగలనీకు. తడవనీకు. మళ్ళీ నాకే ఇయ్యల్ల."

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో, మేడ మీద ఒక బ్యూటీపార్లర్ ఉంది. పెళ్ళికూతుళ్ళను తయారుచేయడంలో దాన్ని నడిపే ఆమెకు మంచి పేరు. నిశ్చితార్థానికి ముందు ఒకసారి వేసి చూపించమని వెళ్ళాను. జన్మలో పార్లర్ మెట్లు ఎక్కని మా అమ్మ కూడా నాతో బయల్దేరింది. పార్లర్ ఆమె నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, గలగలా మాట్లాడుతూ నా జుట్టు విప్పింది. "ఈ మొహానికి నడిమి పాపిడి ఎవురు తీసినారు? ఇంత మంచి కండ్లు ఆ చెంపల్లో మునిగిపోయినాయి" అంది. అమ్మ వినబడనట్టే కూర్చుంది.

తర్వాత ఆమె డబ్బాలోంచి సవరం తీసి దువ్వెన పెట్టింది. దువ్వెన పైనుంచి కిందిదాకా ఎక్కడా ఆగకుండా జారిపోయింది. ఆమె ఇంకోసారి దువ్వి చూసింది.

"ఇది యాడ కట్టించినారక్కా?" అని అమ్మను అడిగింది.

"ఈడనే. శానా ఏండ్లయింది."

"రాలిన జుట్టుతో కట్టింటే చిక్కు పడ్తాది గదా. దీంట్లో మొదళ్ళన్నీ ఒకే పక్కన ఉండాయి. ఇది ఒక్క తలదే. ఒకేసారి కోసింది." వేళ్ళు వాసన చూసుకుంది. "నూనె గూడ నిన్నో మొన్నో పెట్టినట్టుండాది."

పార్లర్ ఆమె వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. అటు తర్వాత పని గురించి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. గది చల్లగా ఉంది. సవరంలోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. నా మెడ మీద అది బరువుగా ఆనుకుంది.

ఆమె పాపిడి కొంచెం పక్కకు తీసింది. అప్పుడు అమ్మ లేచి వచ్చింది. "అట్ల కాదు. ఇంగొంచెం ఎడమకు" అంది. "నెత్తిన ఇంత ఎత్తుకు లేపల్ల. ఆ పాయ చెవి ముందర నుంచి రానీ. కుడి పక్కది పొట్టిగా ఉండల్ల." పక్క పాపిడి పేరెత్తితే మండిపడే మనిషి, ఎక్కడ ఏ పాయ ఉండాలో వేలుపెట్టి చూపిస్తోంది. పార్లర్ ఆమె చెప్పినట్టే చేసింది. అద్దంలో నా మొహం కోలగా అయింది, కళ్ళు పెద్దవయ్యాయి. చాలా బాగున్నాను. కానీ ఆ బాగున్న ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ చూసింది. అద్దంలోకి అమ్మ చూసిన చూపు, ఊరినుంచి చాలా రోజుల తర్వాత వచ్చిన మనిషిని చూసే చూపు. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు, అద్దంలోకే చూసింది.

నిశ్చితార్థం జమ్మలమడుగులో ఒక కల్యాణమండపంలో జరిగింది. అదే జడ, అదే పాపిడి. పులివెందుల వాళ్ళు మురిసిపోయారు. మా బంధువులు కొందరు నన్ను దాటి నాకోసం వెతికారు. తాంబూలాలు అయ్యాక, మైలవరం నుంచి వచ్చిన చిన్నవ్వను నా దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టారు. ఆమె మా అమ్మమ్మకు చెల్లెలు. కళ్ళకు పొరలు కమ్మి మనుషులు సరిగ్గా ఆనరు. ఆమె నా మొహంలోకి వంగి, చాలాసేపు చూసి, మామూలుగా అడిగింది.

"తల ఆరిందా పాపా?"

పక్కనున్న పెద్ద ముత్తైదువలు ఇద్దరు ఒకరినొకరు చూసుకుని, చిన్నవ్వను లేపి భోజనాలకు తీసుకుపోయారు. నేను తలంటుకున్నది తెల్లవారుజామున. ఎప్పుడో ఆరిపోయింది. అయినా చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. రవిక వీపు భాగం తడిగా ఉంది. చెమట అనుకున్నాను. పూలు తడిపి పెట్టారు కదా, ఆ నీళ్ళేమో అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాను.

ఇంటికొచ్చాక సవరం నన్ను తీయనివ్వలేదు అమ్మ. నా వెనక కూర్చుని ఒక్కొక్క పిన్నూ లాగింది. అంత నెమ్మదిగా అమ్మ చేతులు నా తల మీద ఎప్పుడూ పనిచేయలేదు. "నొప్పి పెట్టిందా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అమ్మ మళ్ళీ అడిగింది, "నొప్పి పెట్టిందా?" నేను తిరిగి చూశాను. అమ్మ సవరాన్ని ఒళ్ళో పెట్టుకుని, దానికేసి చూస్తోంది. నాకు భయం వేసింది. నా సొంత ఇంట్లో, పట్టపగలు, మా అమ్మను చూసి భయం వేసింది.

ఆ వారమే బడి నుంచి నేరుగా బస్సెక్కి మైలవరం వెళ్ళాను. చిన్నవ్వ వరండాలో ఎండకు కూర్చుని ఉంది. నేను మామూలు జడతో ఉన్నాను. గొంతు విని గుర్తుపట్టింది. ఆ రోజు అట్లా ఎందుకు అడిగావని నిలదీశాను.

"మీ అమ్మకు ఒక అక్క ఉండె. నీకు చెప్పలేదా?" అంది చిన్నవ్వ. "శెలవలకు ఇద్దురూ ఈడికొచ్చినారు. మీ అమ్మ శానా చిన్నది. పెద్దపిల్ల గుడ్డలుతికేదానికి ఏటికి పోయి, తలకు పోసుకుంటానని మడుగులో దిగింది. మనిషిని తెచ్చి ఈ వరండాలోనే పండబెట్టినారు."

ఆమె చెయ్యి తన పక్కన నేల మీద రాసింది.

"మీ అమ్మకు రోజూ జడేసేది ఆ పిల్లే. తన తల ఆరినాకనే యేసేది. అందుకని నీల్లు పోసుకున్న పొద్దల్లా మీ అమ్మ 'తల ఆరిందా అక్కా' అని ఎనకాలే తిరుగుతాండె. ఆ పొద్దు గూడ తడిజడ పట్టుకోని పక్కన కూచునింది. తల ఆరిందా, తల ఆరిందా. అదే మాట. అక్కను ఎత్తుకపోయేటప్పుడు మీ అమ్మ జడ ఇడ్సలేదు. పిడికిలి ఇప్పుదామంటే రాలేదు. అందురూ నిలబడుకోనుండారు. కడాకు నేనే కత్తెర తెచ్చి జడ కోసినా. అది మీ అమ్మ చేతిలోనే ఉండిపోయె."

"పోయినోళ్ళ జుట్టు ఇంట్లో ఉంచకూడదు గదా అవ్వా."

"ఉంచకూడదు. మీ అమ్మ నిద్దరపోతానే ఏట్లో యేద్దామనుకుంటి. యాడ దాచిందో ఏమో, ఎంత ఎతికినా కనపడ్లే."

ఆమె ఎట్లా ఉండేదని అడిగాను. చిన్నవ్వ రెండు చేతులూ చాచి నా చెంపలు తడిమింది. "ఇట్లనే. గుండ్రంగా. సంగటి ముద్ద అని పిలుస్తాంటిమి. దానికి ఆ మొహం నచ్చక, పాపిడి పక్కకు తీసి, పాయలు వదిలి ఏవేవో చేసుకుంటాండె."

తిరుగు బస్సులో కిటికీ అద్దంలో నా మొహం కనబడుతుంటే అటు చూడలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ నేను మోసిన పేరు ఒక చచ్చిపోయిన పిల్లది. గుండ్రని మొహానికి నేను కష్టపడి వెతికిన జడ, ఆ పిల్ల తన మొహానికి ఎప్పుడో వెతుక్కున్నదే. ఇన్నాళ్ళూ అమ్మ నా జుట్టు లాగి బిగించింది ఆ మొహం బయటికి రాకూడదని భయపడా, వస్తుందేమోనన్న ఆశను తట్టుకోలేకా? ఏదైనా నాకు ఏడుపొచ్చింది. అమ్మ మీద జాలి, దాన్ని మించిన కోపం.

నేను ఇల్లు చేరేసరికి అమ్మ సవరానికి నూనె రాస్తోంది. ఎవరూ లేనప్పుడు ప్రతి శుక్రవారం చేసే పని అట. నేను గుమ్మంలోనే చెప్పేశాను.

"పెండ్లికి నేను అది పెట్టుకోను."

అమ్మకు అర్థమైంది. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. "దానికి పెండ్లి కాలేదు పాపా" అంది. "పెండ్లిపీట మీద ఒక్కతూరి చూసుకుంటా. ఒక్కతూరి."

"మరి నన్నెవరు చూస్తారమ్మా?"

అమ్మ సవరం డబ్బాలో పెట్టి మూత వేసింది. పెళ్ళిదాకా మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. అత్తగారు మాత్రం రోజూ ఫోను చేసి "అదే జడ ఏసుకో పాపా" అని చెప్పేది. సరేనంటూ వచ్చాను. పెళ్ళిరోజు అమ్మ ఆ డబ్బాతో వస్తే కాదనే ధైర్యం నాకుందో లేదో నాకే తెలియదు.

పెళ్ళినాటి ఉదయం మంగళస్నానం అయింది. గదిలో నన్నొక్కదాన్నే తువ్వాలు చుట్టి కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకుంది. వెనక అమ్మ గాజుల చప్పుడు వినిపించింది. సాంబ్రాణి పొగ కమ్ముకుంది. తువ్వాలు విప్పి నా జుట్టు పొగ మీద పరిచింది. తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, అమ్మ నోట ఆ మాట వచ్చింది.

"తల ఆరిందా?"

చిన్నపిల్ల గొంతు అది. ఎవరిని అడుగుతోందో నాకు తెలుసు. మాట్లాడకుండా ఉంటే డబ్బా మూత తెరుచుకుంటుంది. పోయిన ఆ అక్కలా పలికితే, పీట మీద ఆమే కూర్చుంటుంది. నేను రెండు చేతులతో జుట్టంతా వెనక్కి లాగి పట్టుకుని, ఉన్న మొహమంతా, ఉన్న చెంపలన్నీ కనబడేట్టు అమ్మ వైపు తిరిగాను.

"ఆరిందమ్మా" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. అద్దంలో కాదు, నన్నే. ఆమె చేతిలో దువ్వెన తప్ప ఏమీ లేదు. కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంది.

"తిన్నగా కూర్చో" అంటూ నన్ను నా పేరు పెట్టి పిలిచింది. నడినెత్తిన పాపిడి తీసింది.