సమయం వేయని వరద వార్త

2003 జూన్‌లో మా పత్రిక యాజమాన్యం నన్ను రాజమండ్రిలోని యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో జర్నలిజం కోర్సులో చేర్పించింది. అప్పటికి నేను జిల్లా డెస్క్‌లో సీనియర్ సబ్ ఎడిటర్ని. పద్నాలుగేళ్ల సర్వీసు, ముప్పై తొమ్మిదేళ్ల వయసు. పత్రికకు వెబ్ ఎడిషన్ రాబోతోందనీ, దాన్ని చూసేవాళ్లకు డిగ్రీ ఉండాలనీ పైనుంచి సర్క్యులర్ వచ్చింది. మధ్యాహ్నం దాకా క్లాసు, సాయంత్రం నుంచి డెస్క్. మొదటి రోజు నేను గదిలోకి వెళ్లగానే లెక్చరర్ననుకుని పిల్లలందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమని చెప్పి, నేనూ వెళ్లి వాళ్ల పక్కనే కూర్చున్నాను.

న్యూ మీడియా పేపర్ చెప్పేది ఝాన్సీ మేడమ్. నాకంటే పన్నెండేళ్లు చిన్న. ప్రాక్టికల్ కింద క్లాసు అంతా కలిసి ఒక వెబ్‌సైట్ నడపాలి. ఆ రోజుల్లో తెలుగు ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు పేజీ తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. అందుకని వార్తను పేజీమేకర్‌లో కంపోజ్ చేసి, దాన్ని ఫోటోలా మార్చి, ఫోన్ లైను ద్వారా ఎక్కించేవాళ్లం. మధ్యలో సెంటర్ ఆఫీసుకు ఎవరైనా ఫోన్ చేస్తే లైను తెగిపోయేది, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఇద్దరికి ఒక కంప్యూటర్. నా జోడీ నూకరత్నం. కోటిపల్లి దగ్గర గోదావరి మధ్యలో ఉండే లంక వాళ్ల అమ్మాయి. తండ్రి వీర్రాజు గారు గోదావరిలో చేపలు పడతారు, లంకలో నాలుగు గేదెల్ని మేపుతారు. ఆ అమ్మాయికి కంప్యూటర్ తెలుసు, నాకు వార్త తెలుసు. కనీసం నేను అలా అనుకున్నాను.

ప్రతి వార్త కింద అది రాసిన తేదీ, సమయం వేయడానికి మేడమ్ ఒక చిన్న గడి పెట్టించారు. నాకు అది కంట్లో నలుసులా ఉండేది. డెస్క్‌లో నేను చేసిన మొదటి పని సమయాలు కొట్టెయ్యడమే. ఫలానా నాయకుడు ఉదయం 10.20కి రిబ్బన్ కత్తిరించారని మండలం నుంచి కంట్రిబ్యూటర్ రాసి పంపితే, ఆ 10.20 మీద నా ఎర్ర పెన్ను పడేది. పేజీ నెత్తిన తేదీ ఉంటుంది, పత్రిక రోజుకు ఒక్కసారే వస్తుంది, ఇక గంటలూ నిమిషాలూ దేనికి? ఆ అలవాటుతోనే మా పేజీ నుంచి ఆ గడి తీసేయమని నూకరత్నానికి చెప్పాను. మేడమ్ ఒప్పుకోరేమోనని ఆ అమ్మాయి నసిగింది. మేడమ్‌కి నేను చెప్పుకుంటానన్నాను. పెద్దవాణ్ణి, పైగా పత్రికలో పనిచేసేవాణ్ణి కనుక ఇంకేమీ అనలేక తీసేసింది. మేడమ్‌కి నేను చెప్పలేదు.

ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఒక గుర్తు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకల వాళ్లు గేదెల్ని పడవల మీద దాటించి ఏటిగట్టు మీదకు తోలుకొస్తారు. మంగళవారం సాయంత్రానికి మట్టం తగ్గింది, హెచ్చరిక ఎత్తేశారు. వరద కంట్రోల్ రూమ్‌కి స్వయంగా ఫోన్ చేసి, అంకెలు రెండుసార్లు సరిచూసుకుని వార్త రాశాను. శీర్షిక: ‘శాంతించిన గోదావరి, హెచ్చరిక ఉపసంహరణ’. నూకరత్నం దాన్ని సైట్‌లోకి ఎక్కించింది.

ఆ రాత్రి గోదావరిలో కలిసే శబరి నది ఎగువన పెద్ద వాన పడింది. బుధవారం పొద్దున మట్టం మళ్లీ పెరిగి, పది గంటలకు హెచ్చరిక మళ్లీ ఇచ్చారు. అప్పుడు మేం ప్రెస్ చట్టాల క్లాసులో ఉన్నాం. సైట్‌లో మాత్రం గోదావరి ఇంకా శాంతంగానే ఉంది.

నూకరత్నం అన్న అప్పారావు విశాఖలో పనిచేసేవాడు. చెల్లెలు వార్తలు ఎక్కిస్తోందని మురిసిపోతూ రోజూ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి మా సైట్ చూసేవాడు. ఆ ఉదయం పదకొండింటికి మా పేజీ చూసి, అప్పుడే రాసిన వార్త అనుకుని, ఊళ్లోని ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి తండ్రికి కబురు చెప్పించాడు. గట్టు మీద గడ్డి అయిపోయి ఉంది. వీర్రాజు గారు గేదెల్నీ దూడనీ పడవెక్కించి మళ్లీ లంకలోకి తీసుకెళ్లారు. ఆయన వెళ్లాక దండోరా వేసే మనిషి వచ్చాడు. మూడింటికి నీళ్లు లంకలోని పాక చూరు దాకా వచ్చాయి. ఊళ్లోవాళ్లు రెండు పడవల్లో వెళ్లి ఆయన్నీ నాలుగు గేదెల్నీ బయటపడేశారు. దూడ కొట్టుకుపోయింది.

గురువారం నూకరత్నంతో కలిసి బస్సెక్కాను. వీర్రాజు గారు గట్టు మీద టార్పాలిన్ పరదా కింద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. ఆ వార్త రాసింది నేనేనని చెప్పాను. తిడతారని సిద్ధపడే వెళ్లాను. ఆయన తిట్టలేదు. తెలుసుకుందామన్నట్టుగా అడిగారు.

“పేపరైతే పైన తేదీ ఉంటాదండి. పాతదో కొత్తదో చూసుకుంటాం. మీ దాంట్లో అది ఎప్పుడు రాసిందో ఎక్కడ చూడాలండి?”

ఎక్కడా లేదండి, నేనే తీయించేశానని చెప్పాను. “అలాగాండి” అని ఆయన గేదెల వైపు చూశారు. పద్నాలుగేళ్ల సర్వీసులో నేను అంత సిగ్గుపడింది లేదు.

తిరిగొచ్చి మేడమ్‌కి జరిగినదంతా చెప్పాను. ఆవిడ ప్రాక్టికల్ మార్కుల్లో నాకు కోత వేసి, నూకరత్నానికి వేయలేదు. సరైన నిర్ణయమే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు వెబ్ డెస్క్ చూశాను. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లందరికీ ఆ మంగళవారం నాటి వార్త ప్రింటు ఇచ్చి, తప్పు పట్టుకోమనేవాణ్ణి. అంకెలు చూసేవారు, పేర్లు చూసేవారు, శీర్షిక చూసేవారు. చాలామంది తప్పేమీ లేదని వెనక్కి ఇచ్చేవారు. వాళ్లు చెప్పింది నిజమే. అందులో ప్రతి అక్షరం సరైనదే. మంగళవారం సాయంత్రం నిజమైన వార్త బుధవారం ఉదయానికి అబద్ధమైంది. ఆ సంగతి వీర్రాజు గారికి తెలిసే దారిని నేనే మూసేశాను.