వదిన కప్ప, నా సున్నా

సోమవారం మా సేఠ్ అందరి ముందర నన్ను వెనక్కి తిప్పి ఒక మాటన్నడు. ఆ మాట ఏందో ఇప్పుడే చెప్తే మజా ఉండది. ముందు ఆదివారం ఇంట్ల ఏం కొంప ముంచిన్నో వినుండ్రి. చాయ్ చల్లారినా పర్వాలేదు.

బతుకుదెరువుకు గుజరాతీల ఊరికొచ్చినం, మేముండేది వడోద్‌ల. అన్న, వదిన, నేను. అన్న బట్ట నేసే సాంచాల మీద పని చేస్తడు. నేను సలాబత్‌పురాల సేఠ్ దగ్గర బట్ట చెకింగ్. తాన్లు టేబుల్ మీద పరుచుకొని, దారం తెగిన కాడ, మరక పడ్డ కాడ చాక్‌పీస్‌తోని సున్నా చుడుత. సున్నా పడిందంటే ఆ తాను ఖరాబు, పక్కకు పోవాలె. పొద్దంత అదే పని. పని నుంచి వచ్చి నీలం అంగీ గోడకు కొట్టిన మొలకు తగిలిస్తే, దాని జేబుల చాక్‌పీస్ అట్లనే ఉంటది.

మా ఇంట్ల సెకండ్ హ్యాండ్ గేమ్ కన్సోల్ ఒకటున్నది. కొన్నది నేను, ఆడేది వదిన. పాతకాలం ఆటలన్నీ కలిపి ఒకటే డిస్కుల పెట్టి అమ్ముతరు గదా, అసొంటిది ఒకటి తెచ్చిన. అందుల గొడుగు పట్టుకొని బురుజులెక్కే కప్ప ఆట ఉన్నది. వదిన ఊరికే చూద్దామని పట్టుకున్నది, కప్ప కోట గెలిచిందాక వదల్లేదు. గెలిచినంక నన్ను పట్టుకున్నది. ఈ కప్పకు రెండో ఆట ఉన్నదట, ఈ డిస్కుల ఎందుకు లేదని.

ఫోన్‌ల వెతికితే సంగతి తెలిసింది. ఆ రెండో ఆట మన దగ్గర అమ్మే డిస్కుల పెట్టలేదు, జపాన్‌ల అమ్మే డిస్కుల పెట్టిండ్రు. అట్ట మీద బొమ్మ ఒకటే, లోపలి సరుకు వేరు. ఒకటే డిజైన్ చీర, ఒక ఊరికి జాకెట్ ముక్కతోని, ఇంకో ఊరికి ముక్క లేకుంట పంపినట్టు. సరే, వదిన అడగక అడగక అడిగిందని జపాన్ డిస్కు తెప్పించిన. ఆ వారమంత నాకు పప్పుల నెయ్యి ఎక్కువ పడ్డది.

జపాన్ డిస్కుల ఒక్క అక్షరం అర్థం కాదు. వదిన బొమ్మలు చూసుకుంట నేర్చుకున్నది. మన డిస్కుల కప్ప కింద పడితే ఆటను జర వెనక్కి తిప్పుకునే సౌలతు ఉన్నది. దీంట్ల అది కూడా లేదు. పడితే పడ్డట్టే. అయినా పట్టు వదల్లేదు, ఆఖరి బురుజు ఒక్కటే మిగిలింది.

పై అంతస్తుల హన్సాబెన్ అని ఒకామె ఉంటది. ఇంటి కోడలు పిల్లల ఆటలాడుడేందని మెట్ల మీద నలుగురిల నవ్విందట. వదిన ఊకుంటదా? ఆదివారం మా ఇంటికి రమ్మని, కప్ప ఆఖరి బురుజు ఎక్కుడు చూపిస్తనని ఆమెను, ఆ నలుగురిని పిలిచింది. "గెలిచింది చూసినంక నవ్వమను" అన్నది నాతోని.

ఆదివారం వదిన వచ్చేటోళ్లకు తినడానికి ఖమణ్ తెద్దామని బజారుకు పోయింది. అన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి గురక పెడుతుండు. ఆ ఆఖరి బురుజు ఎట్లుంటదో ఒక్కసారి చూద్దామని నాకు పురుగు తొలిచింది. ఆన్ చేసిన. వదిన ఆపిన కాడ బురుజు బొమ్మ కనబడ్డది. దాని పైన ఇంకేదో రాసుంటే అది ఒత్తిన. ఎర్ర డబ్బా ఒకటి వచ్చి జపాన్ భాషల ఏదో అడిగింది.

నాకు భయమైంది. వద్దు తల్లీ అని గుండ్రం బటన్ ఒత్తిన. మన డిస్కుల ఇంటూ గుర్తు అంటే సరే, గుండ్రం అంటే వద్దు. నా నౌకరీల కూడా సున్నా అంటే వద్దనే. జపానోళ్ల డిస్కుల అంత ఉల్టా. వాళ్లకు గుండ్రం అంటే సరే.

బురుజు బొమ్మ మాయమైంది. ఆ జాగల ఒక మురికి గుంత, గుంతల గొడుగు కూడా లేని కప్ప. వదిన ఎక్కిన మెట్లన్నీ తుడిచి ఆట మొదటికొచ్చింది. ఆపి మళ్ల పెట్టిన. అదే గుంత.

ఇగ చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, వదిన వచ్చేలోపు నేనే ఆడి అక్కడిదాక ఎక్కిద్దామని కూర్చున్న. కప్ప ఎగిరింది, మోరీల పడ్డది. మళ్ల ఎగిరింది, మళ్ల మోరీ. గల్లీల ఆటో చప్పుడైతే చాలు, తలుపు దిక్కు చూసుడు. ఇంతల తలుపు గొళ్లెం కదిలింది.

వదిన ఒక్కతే రాలేదు. మెట్ల మీద కలిసినట్టున్నరు, హన్సాబెన్, మిగిలినోళ్లు వెనకనే ఉన్నరు. అందరు చాప మీద కూర్చున్నరు. వదిన కొంగుకు చేతులు తుడుచుకొని టీవీ దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది.

"శీనూ, దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

ఉన్నదున్నట్టు చెప్పేసిన. పొద్దంత సున్నాలు చుట్టిన చెయ్యి గదా వదినా, సున్నా అంటే వద్దనే అనుకున్న అని కూడా చెప్పిన.

"అట్లనా" అన్నది. అంతే.

గుంత కాడి నుంచే మొదలుపెట్టి ఆడింది. కప్ప రెండో బురుజు కాడికి పోయేసరికి హన్సాబెన్ ఖమణ్ తినుడైపోయింది. బాగుంది బాగుంది అనుకుంట లేచింది, ఆమెతోని అందరు లేచిండ్రు. మెట్ల మీద నవ్వినట్టు కూడా వినబడ్డది. వదిన తలెత్తలేదు. నాకు రెండు దెబ్బలు కొట్టినా బాగుండు అనిపించింది.

కొట్టలేదు, తిట్టలేదు. అన్నం కాడ నా పప్పుల నెయ్యి కూడా తగ్గలేదు. ఎంత మంచి మనసు అని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

సోమవారం మొల మీది అంగీ తొడుక్కొని బండి మీద బయలుదేరిన. వెనకొచ్చేటోళ్లు హారన్ కొట్టుకుంట నవ్వుతున్నరు. పనికాడ కూడా నేను ఎటు తిరిగితే అటు నవ్వే. ఆఖరికి సేఠ్ వచ్చి నన్ను భుజం పట్టి వెనక్కి తిప్పిండు. అంగీ విప్పి చూసుకున్న. వీపు మీద, నా జేబుల చాక్‌పీస్‌తోనే, ఈ భుజం నుంచి ఆ భుజందాక ఇంత సున్నా!

ఎవరు చుట్టిండ్రని అడిగిండు. మా వదిన అని మొత్తం కథ చెప్పిన. సేఠ్ ఓపికగ విని, ఆ సున్నా మీద వేలు పెట్టి "చెకింగ్ బరాబర్ ఛే" అని గుజరాతీల అన్నడు.

ఇన్నేండ్ల సంది ఆయన దగ్గర సున్నాలు చుడుతున్న. నా చెకింగ్‌ను ఒక్కనాడన్న బరాబర్ అనలేదు.