మామ ‘ఊ’ అనని లైన్

మా మేనమామ పోయాడు. షాపుకు వస్తూ కొంతం చౌక్‌లో చాయ్ తాగి లేచినవాడు అక్కడే కూలిపోయాడట. ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన స్టూలు తుడిచి పెడుతున్నాను.

షోలాపూర్ నీలం నగర్‌లో మాది చిన్న షాపు. ఇద్దరమే. చాదర్ల మీద పూలు నేసే మరమగ్గాలకు, మా భాషలో సాంచలకు, కంట్రోల్ కార్డులు, అంటే వాటిని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు, చేస్తాం. కంప్యూటర్‌లోని డిజైన్‌ను కార్డుకు అందించి, ఏ పోగు ఎప్పుడు లేవాలో చెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. మామ ఏళ్ల కింద రాశాడు. నేను అప్పుడప్పుడు అక్కర్లేని లైన్లు తీసి దాన్ని శుభ్రం చేస్తుంటాను.

ఎంత చిన్న మార్పైనా ఒక్కరే చూసుకుని పెట్టడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. మా ఇళ్లలో కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఇద్దరు కూర్చుంటారు. వెనకవారు ఒక్కో పోగు అందిస్తారు, ముందువారు కొక్కెంతో లాగి ‘ఊ’ అంటారు. అప్పుడే తర్వాతి పోగు. ఒకప్పుడు అత్త అందిస్తే మామ లాగేవాడు. కోడ్‌కూ అదే పద్ధతి పెట్టాడు. మార్చిన ప్రతి లైనూ, తీసేసినదైనా సరే, నేను పైకి చదవాలి. ఆయన గోడ వైపు చూస్తూ ‘ఊ’ అంటాడు.

“స్క్రీన్ చూడరాదా మామా?”

“చూస్తే నువ్వు రాసిందే కనవడ్తది. ఇంటే తీసేసింది యాదికొస్తది. చదువు.”

అంతా విన్నాక ఒకటే మాట: “ఇల్లు ఊడ్సినవ్, మంచిదే. కుండ గిట్ట పారెయ్యలే గద?”

మన పనిని అలా కూర్చుని వినేవాళ్లు ఎంతమంది దొరుకుతారో మీకు తెలుసు.

చివరి సాయంత్రం చదివింది చిన్న మార్పే. కార్డు నుంచి ఒక విలువను చదివి, ఎక్కడా వాడకుండా వదిలేసే లైన్ ఒకటి ఉంది. పనికిరానిదని తీసేశాను. అక్కడికి వచ్చేసరికి ‘ఊ’ రాలేదు.

“ఏంది మామా?”

“ఎందుకో పెట్టిన. యాదికొస్తలేదు. ఆగు, ఉద్యా పొద్దుగాల సాంచ మీద జూద్దాం.”

తెల్లారి ఆ పొద్దున్నే ఫోన్ వచ్చింది.

దినాలయ్యాక ఆ లైన్ లేకుండా షాపులోని సాంచ నడిపి చూశాను. పువ్వు చెదరలేదు. కానీ ఊళ్లోని సాంచల షెడ్లలో మా పాత కార్డులు చాలా ఉన్నాయి, రోజంతా ఆగకుండా నడుస్తాయి. ఎక్కడైనా ఒక పోగు తప్పుగా లేస్తే చాదర్ పాడవుతుంది. తీయాలో ఉంచాలో అడగడానికి మనిషి లేడు.

నిన్న అత్త బీడీల చాట పట్టుకుని వచ్చి మామ స్టూలు మీద కూర్చుంది.

“చదువు బిడ్డా, నేనింట.”

“నీకేం తెలుస్తది అత్తా?”

“తెల్వదు. మీ మామకు పోగులందిచ్చింది నేనే గద. చదువు.”

చదివాను. ఆకు చుడుతూనే లైను లైనుకూ ‘ఊ’ అంటోంది. నేను తీసేసిన ఆ లైన్ చదివి ఆగాను.

“ఊ,” అంది అత్త, మిగతావాటికి అన్నట్టే.

మామ ‘ఊ’ అనలేదు కదా అని ఆ లైన్‌ను మళ్లీ దాని చోట పెట్టాను. తల ఎత్తేసరికి ఆమె చేతులు ఆగి ఉన్నాయి. చాటలో తడి ఆకు ఆరిపోతోంది. తర్వాతి లైన్ కోసం గోడ వైపు చూస్తూ కూర్చుంది.